ఎర్ర మూల కార్డులు

3 ఫిబ్రవరి 2003, సోమవారం

యాభై మూడేళ్ల వయసులో మళ్లీ ఉద్యోగంలో చేరాను. అమీర్‌పేట, మైత్రీవనం వెనక సందు, మూడో అంతస్తు. కింద రెండు అంతస్తులూ జావా నేర్పే కోచింగ్ సెంటర్లు. మెట్ల నిండా పిల్లలు, చేతుల్లో జిరాక్సు కాగితాలు, పక్కకు జరగమంటే జరగరు. ఒకమ్మాయి నన్ను చూసి "ఆంటీ, పేరెంట్స్ కింద కూర్చోవాలె" అంది. పేరెంటును కాదు, పనికొచ్చానన్నాను. నమ్మలేదు. తీరా పైకి వెళ్తే ఆ పిల్లా మా ఆఫీసులోనే టైపు చేస్తుంది. పేరు దివ్యశ్రీ.

పని నాకు నచ్చింది. సముద్రం మధ్య చిన్న చిన్న దీవులు కలిసిన దేశం ఒకటి ఉంది. అక్కడి తొమ్మిది లైబ్రరీల కేటలాగు కార్డుల్ని రెండు పక్కలా ఫొటోలు తీసి మాకు పంపారు. మా వాళ్లు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాలి. దేశం పేరు ఎక్కడా చెప్పనని సంతకం పెట్టించుకున్నారు. పెట్టాను కాబట్టి ఇక్కడ కూడా రాయను. ఆఫీసులో ఒకటో దీవి, రెండో దీవి అంటున్నారు. అదే చాలు.

టైపు చేసేవాళ్లు ఇరవైమంది. ఒక్కరికీ కార్డు చదవడం రాదు. టీమ్ లీడరు నరేశ్, బోరబండ నుంచి వస్తాడు, ఇరవై ఆరేళ్లుంటాయి. తెర మీద కార్డు మూలనున్న విషయం నంబరు, 639.2 చూపించి "మేడమ్, గిదేంది, రేటా?" అన్నాడు. చేపలు పట్టడం అన్నాను. 551.55 చూపించాడు. తుఫాన్లు అన్నాను. పుస్తకం పేరు కనబడకుండా చేత్తో మూసి ఇంకో ఐదు చూపించాడు. ఐదూ చెప్పాను. చుట్టూ మూగారు.

"మస్తున్నది మేడమ్. మీరే ఒక కంప్యూటర్" అన్నాడు నరేశ్.

ఇరవై నాలుగేళ్లు లైబ్రేరియన్‌గా చేసినదాన్ని. పంజాగుట్టలో మా సంస్థ లైబ్రరీ మూసి, ఆ హాల్లో కంప్యూటర్లు పెట్టి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో నన్నెవరూ ఒక్క నంబరు అడగలేదు.

5 ఫిబ్రవరి, బుధవారం

నరేశ్ ఇవాళ ఒక విషయం చెప్పాడు. మనం పంపే జాబితా చూసి అక్కడి ప్రభుత్వం ఏ లైబ్రరీ ఉంచాలో, ఏది తీసెయ్యాలో తేలుస్తుందట. రెండు వేల పుస్తకాలు లేని లైబ్రరీని మూసేసి, ఉన్నవాటిని రాజధానికి పడవలో తోలేస్తారట.

నాకు ఒళ్లు మండింది. మా లైబ్రరీనీ ఇలాగే లెక్కపెట్టి మూశారు. చక్రపాణిగారని కమిటీ పెద్ద, అరలో ఉన్నవే పుస్తకాలన్నాడు. పాఠకుల ఇళ్లలో నాలుగొందల పన్నెండు ఉన్నాయండీ, ఇదిగో ఇష్యూ ట్రే, ఒక్కో పుస్తకం కార్డూ తీసుకున్నవాళ్ల పేరుతో సహా ఉంది చూడండి అన్నాను. "లేని పుస్తకాలకు లెక్కేంటమ్మా" అన్నాడు. లేనివా! చదివే పుస్తకం అరలో ఎందుకుంటుంది?

ఆ ట్రే ఆ రోజే చంకన పెట్టుకుని ఇంటికొచ్చేశాను. ఎవరూ అడగలేదు. మా అటక మీదుంది.

అందుకే చెప్తున్నా. నా చేతి మీదుగా పోయే ఈ జాబితాలో ఒక్క పుస్తకం కూడా తప్పిపోదు.

14 ఫిబ్రవరి, శుక్రవారం

మూడు దీవులు పూర్తి. నాకు ఆ దేశం బాగా తెలిసిపోయింది.

లైబ్రరీల స్థితి ఏమంత బాగోలేదు. సగానికి పైగా చలిదేశాల వాళ్లు దానంగా పంపినవే. ఏడాది పొడుగునా ఉక్కపోసే దీవిలో మంచు తవ్వే యంత్రాల మరమ్మతు గురించి నాలుగు పుస్తకాలు. ఉన్ని స్వెట్టర్ల అల్లికల మీద పదకొండు. పనికిరానివి మనకు తోసి పుణ్యం కట్టుకోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నట్టుంది. తమ దీవుల గురించి తమవాళ్లు రాసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కానీ కార్డులు! ఎవరో ఒకే మనిషి రాసినవి. గుండ్రటి చెయ్యి, ఒక్క కొట్టివేత లేదు. మంచు తవ్వే యంత్రానికి కూడా శ్రద్ధగా నంబరిచ్చి, ఏ వర్గంలో పడాలో ఆలోచించి మరీ రాసింది. ఆడమనిషే అనుకుంటున్నాను. అంత ఓపిక మగవాళ్లకు ఉండదు.

ఇంటికొచ్చి మావారికి చెప్పాను. అచ్యుతరావుగారు మాసబ్ ట్యాంకు ఆఫీసులో రిటైరయ్యి పేపరుకు అంకితమైన మనిషి.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు? వాళ్ల స్వెట్టర్ల సంగతి వాళ్లు చూసుకుంటారులే" అన్నారు.

"మీ జన్మలో ఒక్క ఫైలైనా ఇంత అందంగా రాశారా?"

"రాస్తే పై ఆఫీసరు అర్థం చేసుకునేవాడు. అది ప్రమాదం."

1 మార్చి, శనివారం

శివరాత్రి, పైగా పాకిస్తాన్‌తో మ్యాచ్. ఆఫీసులో నేనూ, నా ఉపవాసమూ.

12 మార్చి, బుధవారం

ఏడో దీవి మొదలైంది. అన్నిటికన్నా చిన్నది. 2,304 కార్డులు. ఈ కార్డులకు నీటి మరకలున్నాయి, సగంపైన కుడివైపు మూలలో ఎర్ర పెన్సిలుతో గీత ఉంది. వెనకవైపు అదే గుండ్రటి చేతితో ఏవో పేర్లు.

దివ్యశ్రీ వచ్చి "మేడమ్, గీ ఎర్ర గీతలున్నయి ఏం చేయాలె?" అంది. ఇప్పుడు ఆంటీ అనడం మానేసింది.

"ఎర్ర అంటే రైటాఫ్. పోయిన పుస్తకం. వదిలెయ్" అన్నాను. తల కూడా ఎత్తక్కర్లేకపోయింది.

నరేశ్ పక్క సీటులోంచి "వెనక పేర్లెందుకున్నయి మేడమ్?" అన్నాడు.

"పోగొట్టినవాళ్లవి. మా లైబ్రరీలో కూడా అంతే. పుస్తకం పోతే ఎర్ర సిరా, వెనకాల పోగొట్టిన మనిషి పేరు."

"క్లయింటుకు ఒక మెయిల్ పెట్టి అడుగుదామా? ఒక్క మాటనే గద."

ఇరవై నాలుగేళ్ల సర్వీసు. ఎర్ర సిరా అర్థం నేను ఒకరిని అడగాలా? అవసరం లేదన్నాను. పేర్లు చూస్తే నవ్వొచ్చింది. పడవల రేవు దగ్గరాయన, బడిలో వంట చేసే ఆవిడ, చర్చి గంట కొట్టే ఆయన. ఊరు ఊరంతా పుస్తకాలు మింగినట్టున్నారు.

28 మార్చి, శుక్రవారం

జాబితా మొత్తం వెళ్లిపోయింది. తనిఖీ కాగితం మీద నరేశ్ సంతకం పెట్టాడు. ఓనరు రామ్మోహనరావుగారు అందరికీ సమోసాలు తెప్పించి, "మన నాగేశ్వరిగారు లేకపోతే ఈ పని ఆరు నెలలు పట్టేది" అన్నారు. ఇరవైమందీ చప్పట్లు కొట్టారు.

ఏడో దీవికి 964 మిగిలాయి. రెండు వేలకు తక్కువే. పాపం. అయినా పుస్తకాలు పోగొట్టుకుంటే ఎవరేం చేస్తారు?

నాకు ఈ రోజు చాలా గర్వంగా ఉంది. రాసుకుంటే తప్పేం లేదు.

2 ఏప్రిల్, బుధవారం

ఉగాది. పచ్చడిలో చేదు ఎక్కువైందని ఆయన. వేపపువ్వు మరి తియ్యగా ఉంటుందా?

4 ఏప్రిల్, శుక్రవారం

పని తక్కువ. పిల్లలు ఏడో దీవి కార్డుల వెనకాల పేర్లు చదువుకుని నవ్వుకుంటున్నారు. దివ్యశ్రీ ఒకటి తెచ్చి చూపించింది. "చూడుర్రి మేడమ్, ఒక్కటే బుక్కు ముగ్గురు పోగొట్టిన్రు. హుషారున్నరు."

మూడు పేర్లు. ఒకదాని కింద ఒకటి. పై రెండూ కొట్టేసి ఉన్నాయి. పక్కన తేదీలు, నాలుగు నెలలకొకటి.

పనీపాటా లేదా అని దాని మీద అరిచాను. ఎండ విపరీతంగా ఉంది.

5 ఏప్రిల్, శనివారం

విశేషమేం లేదు.

పోయిన పుస్తకాన్ని దొరికాక మళ్లీ ఇచ్చి ఉండొచ్చు. మళ్లీ పోయి ఉండొచ్చు. దీవి కదా.

6 ఏప్రిల్, ఆదివారం

పొద్దున్న ఆయన బూజు దులుపుతానని అటకెక్కారు. "ఈ ట్రంకు పెట్టెకి అన్నగారిలా ఉన్న ట్రే ఎన్నాళ్లు మొయ్యాలి? తూకానికి వేసేద్దామా?" అంటూ కిందికి దించి నా ముందు పెట్టారు.

మా లైబ్రరీ ఇష్యూ ట్రే. నాలుగొందల పన్నెండు కార్డులు, నేను పేర్చిన వరసలోనే ఉన్నాయి. ఒకటి లాగాను. మోటారు వైండింగు పుస్తకం. తీసుకున్నది కె. రాజనర్సయ్య, ఎలక్ట్రీషియన్. తేదీ. పుస్తకం ఎక్కడుందో ఆ కార్డే చెబుతోంది.

నాకు తల కొట్టేసినట్టయింది.

ఏడో దీవి పుస్తకాలు పోలేదు. అవి ఇళ్లలో ఉన్నాయి. పేర్లు పోగొట్టినవాళ్లవి కావు, దాచినవాళ్లవి. ఒక ఇంటివాళ్లు చదివేశాక ఇంకో ఇంటికి మారుతున్నాయి, ఆ గుండ్రటి చెయ్యి పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాస్తోంది. ఇంత చిన్న సంగతి ఊళ్లో పిల్లకు కూడా తెలుస్తుంది. నాకు శుక్రవారమే తెలిసింది. తెలియనట్టు రెండు రోజులు నాతోనే నాటకమాడాను.

చక్రపాణిని రెండేళ్లు తిట్టాను. ఆయన నాలుగొందల పన్నెండు లెక్కలోంచి కొట్టేశాడు. నేను పదమూడొందల నలభై.

సాయంత్రం

ఒప్పుకుంటే నరేశ్ సంతకం ఉంది కదా, అతనికి దెబ్బ తగులుతుందేమో. పాపం వాడికి ఈ నెలలో పైపోస్టు వస్తుందంటున్నారు. వాడి కోసమైనా ఊరుకోవడం మంచిదేమో.

ఇప్పుడు రాసిన వాక్యం మళ్లీ చదివాను. సిగ్గులేనిదాన్ని. నరేశ్ కోసమట!

7 ఏప్రిల్, సోమవారం

చెప్పేశాను.

ముందు నరేశ్‌కి చెప్పాను. మూడు పేర్ల కార్డు తెర మీద పెట్టి చూపించాను. తేదీలు వేలితో లెక్కపెట్టి, "నేను గా దినమే అడుగుదామన్న గద మేడమ్" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

"అన్నావు. నేనే వద్దన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు కూర్చున్నాను."

"సంతకం నాది. నా కొలువు పోతే?"

"పోనివ్వను. తప్పు నాదని రాసిస్తాను."

రామ్మోహనరావుగారి గదిలోకి ఇద్దరం వెళ్లాం. ఆయన ముఖం మాడిపోయింది. "ఏంటండీ ఇది? పంపేసిన సరుకు. మన తప్పని మనమే చెప్తే ఇంకోసారి పని ఇస్తారా? వాళ్లు అడగలేదు కదా, వదిలేద్దాం."

"వదిలేస్తే ఆ లైబ్రరీ మూసేస్తారండీ. ఈ నెలాఖరున వాళ్ల మీటింగు."

"మూస్తే మీకేంటండీ?"

నాకేంటి? ఈలోగా నరేశ్ అందుకున్నాడు. "సార్, మేడమ్ తప్పు చేసిండ్రు, నేను సుత సంతకం పెట్టిన. ఇప్పుడు మేమే చెప్తే నిజాయితీ ఉన్నదనుకుంటరు. రేపు వాళ్లే పట్టుకుంటే దొంగలనుకుంటరు. మూడు దినాలియ్యుర్రి, నేను చేపిస్త."

రామ్మోహనరావుగారు ఫ్యాను వైపు చూశారు. "గురువారం సాయంత్రానికి పూర్తి కాకపోతే నేను మెయిల్ పెట్టను" అన్నారు.

8 ఏప్రిల్, మంగళవారం

ఎనిమిదిమంది కూర్చున్నారు. నేను కూడా టైపు చేస్తున్నాను, రెండు వేళ్లతో. దివ్యశ్రీ నా వేగం చూసి "మేడమ్, మీరు చెప్పుర్రి, నేను కొడ్త" అంది. మొన్న అరిచినందుకు ఏమీ అనుకోవద్దన్నాను. "మా అమ్మ రోజూ అరుస్తది" అంది.

ఒక చిక్కు. పుస్తకం ఎక్కడుందో రాయడానికి కంప్యూటర్లో ఒక గడి ఉంది. అందులో అర నంబరు వెయ్యాలి. ఈ పుస్తకాలకు అర లేదు. ఖాళీగా వదిలితే పోయిన పుస్తకంగా లెక్కేస్తుందట ఆ సాఫ్ట్‌వేరు.

"ఏం రాయాలె మేడమ్?" అన్నాడు నరేశ్. ఈసారి నేను వెంటనే జవాబు చెప్పలేదు. తెర మీద ఓ పది కార్డుల వెనకవైపు చూశాను.

"కార్డు మీద ఏముందో అదే. ఆఖరి పేరు. రేవు దగ్గరాయన ఇల్లు, వంటావిడ ఇల్లు. ఇల్లే అర."

"రూల్ ఒప్పుతదా?"

"కేటలాగు పని పుస్తకం ఎక్కడుందో చెప్పడం. అంతకన్నా రూలేముంది? అయినా మెయిల్లో అడుగుదాం. ఈసారి అడుగుదాం."

10 ఏప్రిల్, గురువారం

నాలుగు గంటల పదినిమిషాలకు 1,340వ కార్డు దివ్యశ్రీ కొట్టింది. ఎవరూ సమోసాలు తెప్పించలేదు, చప్పట్లూ లేవు. నరేశ్ లేచి కుండలోంచి నీళ్లు తెచ్చి నాకిచ్చాడు.

11 ఏప్రిల్, శుక్రవారం

శ్రీరామనవమి. సెలవైనా వెళ్లి ఉత్తరం రాసిచ్చాను. రామ్మోహనరావుగారు "పొరపాటు జరిగింది" అని రాయమన్నారు. పొరపాటు దానంతటది జరగదు. "నేను పొరపాటు చేశాను" అని రాసి, కింద పేరు, లైబ్రేరియన్ అని రాశాను. ఆయన కొట్టెయ్యలేదు.

వడపప్పు, పానకం తిని పడుకున్నాను. చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది.

16 ఏప్రిల్, బుధవారం

జవాబు వచ్చింది. ఆ గుండ్రటి చెయ్యి నుంచే. పేరు రాయను, సంతకం పెట్టాను కదా. ఆడమనిషే. అన్ని దీవుల కార్డులూ తనే రాసిందట, ఉండేది మాత్రం ఏడో దీవిలో. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్దది.

ఆరేళ్ల కిందట తుఫానుకి లైబ్రరీలో ఒక్క గది తప్ప మిగతా కప్పంతా ఎగిరిపోయిందట. వాన ఆగేలోపల ఊళ్లోవాళ్లు పరుగెత్తుకొచ్చి, చేతికందిన పుస్తకం పొట్టకు హత్తుకుని ఇళ్లకు తీసుకుపోయారట. మళ్లీ కప్పు వేయించడానికి ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు. అప్పటినుంచీ ఈవిడ నెలకోసారి ఇల్లిల్లూ తిరుగుతుంది. ఏది ఎక్కడుందో చూసి, కావలసినవాళ్ల ఇంటికి మార్చి, కార్డు వెనక పేరు రాస్తుంది.

ఎరుపు సంగతి కూడా రాసింది. "ఎరుపుకు అర్థమేమీ లేదు. తుఫాను తర్వాత నా దగ్గర మిగిలిన పెన్సిలు అదొక్కటే."

అక్కడ నవ్వాను. నవ్వుతూ ఉండగానే కళ్ల నీళ్లొచ్చాయి. నరేశ్ చూసి ముఖం తిప్పుకున్నాడు, మర్యాదస్థుడు.

చివరి వాక్యం ఇది. "గడిలో ఇళ్ల పేర్లు రాసింది ఎవరు? మా లైబ్రరీని సరిగా చదివిన మొదటి మనిషి మీరే."

మొదటిసారి తప్పు చదివాను తల్లీ. అది కూడా ఉత్తరంలో రాశాను కదా, చదవలేదా? చదివే ఉంటుంది. పెద్దమనసు.

12 మే, సోమవారం

ఏడో దీవి లైబ్రరీని తియ్యలేదు. 2,304. ఇళ్లలో ఉన్నవాటినీ లెక్కలోకి తీసుకున్నారు. కప్పు వేయిస్తారో లేదో చెప్పలేదు.

నరేశ్ పైపోస్టు వచ్చే ఏడాదికి వాయిదా పడింది. నా వల్లే. "ఫికర్ చేయకుర్రి మేడమ్, వస్తది" అన్నాడు. నాకు ఫికరే. రామ్మోహనరావుగారితో మళ్లీ మాట్లాడతాను. ఆయన వినేదాకా మాట్లాడతాను.

18 మే, ఆదివారం

నిన్న అమీర్‌పేట స్టేషనరీ షాపులో ఎర్ర పెన్సిలు కొన్నాను. షాపతను "డ్రాయింగుకా అమ్మా?" అన్నాడు. లైబ్రరీకి అన్నాను.

పొద్దున్నే ఎండ ముదరకముందు ట్రేలోంచి ఆ మొదటి కార్డు తీసుకుని ఎల్లారెడ్డిగూడ బయల్దేరాను. ఆయన చెప్పులేసుకుని వెంటబడ్డారు. పేపరు ఇంకా రాలేదట, అందుకేనట.

రాజనర్సయ్య సంస్థలో ఉద్యోగం పోయాక సొంతంగా మోటారు వైండింగు దుకాణం పెట్టుకున్నాడు. నన్ను చూడగానే స్టూలు తుడిచి వేశాడు. నేను చేతిలో కార్డు తియ్యడం చూసి అతని ముఖం మారింది. సొరుగు లాగి పుస్తకం బయటపెట్టాడు. అట్ట లేదు, నూనె మరకలు, మధ్యలో కాగితాలకు రాగి తీగ ముక్కలు గుర్తులుగా పెట్టి ఉన్నాయి.

"రెండేండ్లాయె మేడమ్, తెచ్చియ్యాలనే అనుకున్న. లైబ్రరీ మూసిన్రు, ఎవరికియ్యాలె? జర ఖరాబైంది. గీ బుక్కు చూసే దుకాణం పెట్టిన. తీస్కపోతరా?"

అలా అడుగుతూ పుస్తకం మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

"వద్దు, మీ దగ్గరే ఉంచండి. ఇంకెవరికైనా కావాలంటే నేనొచ్చి చెప్తాను, వాళ్లకివ్వండి."

"లైబ్రరీ మల్ల తెరుస్తున్నరా మేడమ్?"

"మూసింది ఎప్పుడు?" అన్నాను.

మావారు దగ్గారు. ఆయనకు నవ్వొస్తే దగ్గుతారు. దారిలో "ఇంకా నాలుగొందల పదకొండు ఇళ్లా? నాకు కొత్త చెప్పులు కావాలి" అన్నారు.

ఇంటికొచ్చి కార్డు కుడివైపు మూలలో ఎర్ర గీత గీశాను. వెనకవైపు రాశాను, వీలైనంత గుండ్రంగా: కె. రాజనర్సయ్య, మోటార్ల దుకాణం, ఎల్లారెడ్డిగూడ, బల్ల సొరుగులో.